ఎక్కినవాళ్ళందరూ దిగాలి

మా ఢిల్లీశ్వరరావు బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనుషుల తలలు లెక్కపెట్టడం. పెళ్ళికెళ్ళినా, తద్దినానికెళ్ళినా, కాశీబుగ్గలో టీ కొట్టు దగ్గర నిలబడినా పెదాలు కదుల్తూనే ఉంటాయి. మంత్రం జపిస్తున్నాడని కొత్తవాళ్ళు దండం పెడతారు. ఆ దండం పెట్టినవాడిని కూడా కలుపుకుని "పద్నాలుగు" అంటాడు.

పేరులో ఢిల్లీ ఉంది గానీ మనిషి టెక్కలి దాటి వెళ్ళింది తక్కువ. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ కండక్టరుగా పలాస నుంచి ఎర్రరేవుకి, ఎర్రరేవు నుంచి పలాసకి తిరిగాడు. ఆ ప్రయాణాన్ని తాడులా సాగదీస్తే భూమికి ఎన్ని చుట్లు వస్తాయో నేనొకసారి కాగితం మీద వేసి చూపించాను. "ఎన్ని సుట్లయితే ఏటి బావా, దిగింది మాత్రం ఎర్రరేవులోనే కదా" అన్నాడు. నేను దేశమంతా తిరిగి తెలుసుకున్నది కూడా ఇంతకు మించి లేదు.

ఈ జబ్బుకి ఒక పుట్టుక ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, దారిలో ఒక ముసలమ్మ రెండు కోడిపెట్టల బుట్టని సీటు మీద పెట్టి, చింతపండు కొనడానికి కిందికి దిగిందట. మనవాడు చూసుకోకుండా రైట్ అన్నాడు. కోళ్ళు టిక్కెట్టు లేకుండా పలాస చేరాయి. ముసలమ్మ పదకొండు కిలోమీటర్లు నడిచి చేరింది. ఆ పదకొండు కిలోమీటర్లలో ఆవిడ కూడబెట్టుకున్న తిట్లన్నీ డిపో గేటు దగ్గర ఒక్కసారే ఖర్చుపెట్టింది. ఆనాటి నుంచీ బావది ఒకటే మాట: "ఎక్కినోల్లందరూ దిగాల." బస్సు బయల్దేరే ముందు లెక్క, ఆగిన తర్వాత లెక్క. రిటైరయినా మెడలో విజిలు పోలేదు, పెదాల మీద అంకెలు పోలేదు.

"మా పెల్లిలో ఏటి సేసినాడో తెలుసా అన్నియ్యా?" అని వాళ్ళావిడ వరహాలమ్మ ప్రతిసారీ నాకు కొత్తగా చెబుతుంది. "పుస్తి కట్టమని పంతులు అరుత్తన్నాడు. ఈయన పందిట్లో జనాల్ని లెక్కెడతన్నాడు. రెండొందల పన్నెండు తేలింతర్వాతే నా మెడ సూసినాడు."

"ఆ రెండొందల పన్నెండులో నువ్వున్నావేటి?" అంటాడు బావ. "నిన్ను కలిపితే పదమూడు."

తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ పడుకున్న మర్నాడు, ఊరు ఊరంతా పోయిన జీడితోటల్ని చూసి ఏడుస్తుంటే ఈయన నీళ్ళలో నడుచుకుంటూ మనుషుల్ని లెక్కపెట్టాడు. తన తోటలో ఎన్ని చెట్లు పోయాయో మూడోరోజు సాయంత్రం గానీ చూసుకోలేదు.

ఊళ్ళో ఈ లెక్కని ఒప్పుకోని మనిషి ఒక్కతే, బంగారమ్మ. ఎర్రరేవులో పైన జీడితోటల రైతులుంటారు, కింద సముద్రం ఒడ్డున గంగపుత్రులుంటారు. బంగారమ్మది కిందివీధి. ఏటా ఆగస్టులో ఆ వీధి కుర్రాళ్ళు గుజరాత్‌లో వీరావలు రేవుకి బోట్ల మీద పనికి వెళ్తారు, వేసవిలో తిరిగొస్తారు. పలాసలో రైలెక్కడానికి వాళ్ళు ఊరి బస్సెక్కుతుంటే బావ వచ్చి మెట్టు పక్కన నిలబడతాడు. బంగారమ్మ చేతులు తిప్పుకుంటూ మీదికి వస్తుంది.

"ఓలమ్మోలమ్మ! గంగమ్మ మీదికెల్లే పిల్లల్ని లెక్కెడతావేటి కండట్రు బాబూ? ఆల్లేటి కొబ్బరికాయలా? దిట్టి తగులుద్ది! అటు తిరుగు!"

సముద్రం మీదికి వెళ్ళే మనిషిని లెక్కపెడితే ఆ లెక్క సముద్రం వింటుందని వాళ్ళ నమ్మకం. బావ మర్యాదగా అటు తిరిగి నిలబడతాడు. కిందటి ఆగస్టులోనూ అలాగే నిలబడ్డాడు. కానీ ఆ జబ్బు ఊరుకుంటుందా? ఇనప మెట్టు మీద కాలు పడిన చప్పుడు వింటూ వీపుతోనే లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

ఆ అంకె గుర్తుంచుకోండి. నాకు గుర్తుంచుకోవలసిన అవసరం లేకుండా బావ రోజుకి నలభైసార్లు వినిపించాడు. ఎందుకంటే మార్చి నెలలో రెండు రోజులుందామని వాళ్ళింటికి వెళ్ళి, రైళ్ళు ఆగిపోయి, డెబ్బై రోజులు ఇరుక్కుపోయాను. కాలు నిలవనివాడిని కట్టేయడానికి దేవుడు ఒక రోగాన్నే పుట్టించాల్సి వచ్చిందని వరహాలమ్మ అంది. అంటూనే నాకు రెండోసారి ఉప్మా వడ్డించింది.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పొద్దున్న వచ్చిన ఉత్తర్వు మధ్యాహ్నానికి పాతబడేది. కొట్లు తొమ్మిదింటికి మూయాలన్నారు, కాదు పదకొండన్నారు. మూతికి గుడ్డ అందరికీ అక్కర్లేదన్నారు, వారం తిరిగేసరికి లేకపోతే జరిమానా అన్నారు. ఎవరిని అడిగినా "పైనుంచి ఇంకా రాలేదండి" అనేవారు. పైనున్నవాళ్ళు టీవీలో "కిందనుంచి వివరాలు రావాలి" అనేవారు. మధ్యలో మా ఊరు. నేను చదివిన పుస్తకాల్లో ప్లేగులూ కలరాలూ చాలా ఉన్నాయి. అవన్నీ చదువుతున్నప్పుడు నిద్రపట్టింది. ఇది మాత్రం పట్టనివ్వలేదు.

భయంతో ఊరివాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాటిదుంగలు పడేశారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. తీరా చూస్తే బీపీ మాత్రలు తెచ్చే నర్సమ్మ కూడా బయటివాళ్ళలోనే పడింది. ఆవిడ దుంగకి అటుపక్క నిలబడి మాత్రల పొట్లాలు విసిరేది, ముసలాళ్ళు ఇటుపక్క క్యాచ్‌లు పట్టేవారు. బావ దుంగ పక్కన కుర్చీ వేసుకుని వెళ్ళినవాళ్ళనీ వచ్చినవాళ్ళనీ లెక్కపెట్టేవాడు. ఒకరోజు పాతికమంది గుంపుగా ఉంటే విడిపోండని విజిల్ ఊదాడు. పోలీసులొచ్చారనుకుని పాతికమందీ జీడితోటల్లోకి పరిగెత్తారు. సాయంత్రానికి ఇరవై నలుగురే తిరిగొచ్చారు. ఇరవై అయిదోవాడు చెట్టు మీద నిద్రపోయాడని తేలేవరకూ బావ కాఫీ ముట్టలేదు.

సర్వే చెయ్యడానికి వాలంటీరు సుస్మిత ఫోను పట్టుకుని వచ్చింది. "తాతా, మీ ఇంట్లో ఎంతమంది?"

"ఊరు మొత్తం తొమ్మిదొందల ముప్పై ఎనిమిది. ఊల్లో ఉన్నోల్లు తొమ్మిదొందల ఏడు. వీరావల్లో ముప్పై ఒకటి."

"ఊరు కాదు తాతా, ఇల్లు."

"ఇల్లు మూడు. నాను, మీ మామ్మ, ఈ బావ."

సుస్మిత నా వైపు చూసి ఫోను మీద వేలు అటూ ఇటూ జరిపింది. "ఈ తాత కార్డులో నేడు కదా. యాప్‌లో సుట్టాలకి గడి నేదు."

అలా నేను ప్రభుత్వం లెక్కలో పడలేదు. దగ్గొచ్చినా ఎవరి ఖాతాలోనూ రాదు. నాకదేదో స్వాతంత్ర్యంలా తోచింది గానీ బావకి ఆ పూట అన్నం సహించలేదు. "మనిసి కూకుని ఉప్మా తింతన్నాడు, గడి నేదంటదేటీ గుంట!"

ఏప్రిల్ గడిచేకొద్దీ కిందివీధి నుంచి ఏడుపులు వినిపించసాగాయి. వీరావలులో బోట్లు ఆగిపోయాయి. కుర్రాళ్ళు రేవులోనే, బోట్లలోనే ఉన్నారు. ఒక బోటు మీద పదిమంది పడుకుంటున్నారట. నీళ్ళు కొనుక్కుంటున్నారట. అక్కడ ఒకడికి జ్వరమొస్తే? అడిగేదెవరు? టీవీలో రోజూ "చర్యలు తీసుకుంటున్నాం" అని వచ్చేది. బంగారమ్మ ఆ ముక్క వినడానికే మా అరుగు దగ్గరకొచ్చి, సున్నంతో గీసిన గుండ్రంలో కూర్చునేది. ఆవిడ కొడుకు పైడయ్య ఆ ముప్పై ఒక్కరిలో ఒకడు.

"సర్యలంటే ఏటి బాబూ?" అని నన్ను అడిగింది.

పుస్తకాలు చదివినవాడిని కదా, ఏదో చెప్పబోయాను. లేచివెళ్ళి టీవీ గొంతు తగ్గించాను.

నెలాఖరుకి కబురొచ్చింది. బస్సులు పంపి అందరినీ తీసుకొస్తారట. సుస్మిత పరుగున వచ్చి ఫోనులో జాబితా చూపించింది. ఎర్రరేవుకి ఒక బస్సు. కిందివీధి అంతా మూతిగుడ్డల మీదనుంచే ఏడ్చింది, నవ్వింది. బావ మాత్రం కళ్ళజోడు తుడుచుకుని ఫోను మీద వేలితో పైకీ కిందికీ రెండుసార్లు వెళ్ళాడు.

"ముప్పై" అన్నాడు.

"ఔను తాతా, ముప్పై."

"ముప్పై ఒక్కడెక్కినాడు."

సుస్మిత నవ్వింది. "నువ్వు ఎనక్కి తిరిగి కదా లెక్కెట్టినావు! ఎవుడో మెట్టు మీద రెండు కాళ్ళేసుంటాడు."

ఆ మాటకి బావ మొహం మాడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన లెక్కని అనుమానించింది టిక్కెట్ల చెకింగు ఇన్‌స్పెక్టరు ఒక్కడే. వాడు కూడా తర్వాత క్షమాపణ చెప్పాడు. విజిల్ సర్దుకుని కిందివీధికి బయల్దేరాడు. షుగరున్న మనిషి, గుంపుల్లోకి వెళ్ళొద్దని వరహాలమ్మ గుమ్మంలోంచి అరుస్తూనే ఉంది. భయం లేక వెళ్ళాడనుకోకండి. రెండు గుడ్డలు కట్టుకుని, దానిమీద తువ్వాలు చుట్టుకుని, గుమ్మాలకి ఆరడుగుల దూరంలో నిలబడి అడిగాడు. "మీ ఇంటినుంచి ఎంతమందెల్లేరు?" వెనకాలే నేనూ వెళ్ళాను.

బంగారమ్మ ఇంటి దగ్గర ముడి విడిపోయింది. అక్కడ బంగారమ్మ, ఆవిడ తోడికోడలు జాబితాలోని ఒక పేరు కోసం పోట్లాడుకుంటున్నారు.

"ఈ సూరాడ పైడయ్య మావోడే!"

"మావోడే అక్కా! ఆడి ఫోను నెంబరే ఉంది, సూడు!"

సంగతేమిటంటే, ఆ వీధిలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. సూరాడ పైడయ్య అనే తాతకి ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు తన మొదటివాడికి తండ్రి పేరు పెట్టుకున్నాడు. చిన్నకొడుకు మాత్రం ఊరుకుంటాడా, తండ్రి అతనికీ తండ్రే కదా. ఇద్దరు సూరాడ పైడయ్యలు, ఒకే ఈడు, ఒకే బోటు. మనవాళ్ళకి ఇబ్బంది లేదు, ఒకడు పెద్ద పైడయ్య, ఒకడు బుల్లి పైడయ్య. జాబితా రాసినప్పుడు ఇద్దరూ పేరిచ్చారు. బోటు మీద ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను, అదే నంబరిచ్చారు. అదే పేరు, అదే ఊరు, అదే నంబరు రెండుసార్లు కనపడితే ఏ ఆఫీసులోనో ఎవరో శ్రద్ధగల మనిషి, పాపం, ఒకటి కొట్టేశాడు.

కొట్టేసింది పెద్దవాడినా, బుల్లివాడినా? అది రాసినవాడికీ తెలియదు. బంగారమ్మ నేలమీద కూలబడింది. ఆవిడ కొడుకు బుల్లి పైడయ్య.

"మా బుల్లోడికి నోరు నేదు బాబూ. అన్నకి దారిచ్చి ఆడే ఉండిపోతాడు. నాకు తెలుసు."

బావ ఆ సాయంత్రమంతా ఫోను చేశాడు, మర్నాడూ చేశాడు. ఒక నంబరువాళ్ళు ఇంకో నంబరిచ్చారు. ఆ నంబరువాళ్ళు మరోటి. ఏడో నంబరువాళ్ళు మళ్ళీ మొదటిది ఇచ్చారు. నాలుగోసారి చుట్టు తిరిగినప్పుడు ఒక గొంతు విసుగ్గా, కానీ మర్యాదగానే చెప్పింది. "డబుల్ ఎంట్రీ అండీ. సరిచేశాం. ఇప్పుడు లెక్క కరెక్టే."

"మీకు కరెట్టే సారూ" అన్నాడు బావ. "మాకొకడు తక్కువ. ఆడికి అమ్ముంది, మా అరుగు మీద కూకుంది."

"జాబితా ఫైనల్ అయిపోయిందండీ." ఫోను పెట్టేశారు.

తిట్టుకోకండి. ఆ గొంతుకి ఆ రోజు మాలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో, ఆ మనిషి ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. అప్పుడలా అనిపించలేదు గానీ. అప్పుడు వరహాలమ్మ తిట్టిన తిట్లు ఆ కోళ్ళ ముసలమ్మ విన్నా మెచ్చుకునేది.

మర్నాడు పొద్దున్నే వీరావలులో బస్సు బయల్దేరాలి. బావ రేవులోని కుర్రాళ్ళకి ఫోను చేసి, స్పీకరు పెట్టి, అరుగు మీద ఉంచాడు. సున్నం గుండ్రాలన్నీ నిండిపోయాయి. అటునుంచి బస్సు ఇంజను చప్పుడు, గాలి, తెలుగు, గుజరాతీ అన్నీ కలిసి వినిపిస్తున్నాయి.

"పెద్ద పైడీ! తమ్ముడేడ్రా?"

"ఇక్కడే ఉన్నాడు బాబాయ్. నన్నెల్లమంతన్నాడు. తర్వాత బస్సుకి ఒత్తాడంట."

"తర్వాత బస్సు ఎప్పుడు?"

"ఎవులికీ తెల్దు."

బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బావ గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మూడేళ్ళ కిందట రిటైరైన సంగతి మరిచిపోయాడు.

"ఇనుకోండ్రా. ఎవులూ ఎక్కొద్దు. బస్సు పక్కన వరసగా నిలబడండి. ముప్పై ఒక్కడు ఎక్కితేనే ఎక్కుతారు, నేదంటే ముప్పై ఒక్కడూ కిందే. సామాను కూడా కిందే. ఎనకటికి సామానెక్కీసి మనిసి దిగిపోయి నాను సానా పడ్డాను."

అటువైపు గొడవైంది. ఎక్కండి ఎక్కండి అని అరుపులు. చివరికి ఎవరో ఫోను లాక్కున్నట్టున్నారు. తెలుగు ఆఫీసరే. మూడు రోజులుగా నిద్రలేని గొంతు. "ఎవరండీ మీరు? వీళ్ళని ఎక్కొద్దంటున్నది?"

"నమస్కారం సారూ. నాను కండక్టర్ని."

"ఏ బస్సుకి?"

బావ మెడలో విజిలు సర్దుకున్నాడు. "ఈ బస్సుకే."

అరుగు మీద ఒక్కరు దగ్గలేదు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

"లిస్టులో ముప్పై పేర్లే ఉన్నాయండీ. దారిలో ప్రతి చెక్‌పోస్టులో చూస్తారు. ఒక తల ఎక్కువుంటే బస్సు ఆపేస్తారు. ఆ బాధ్యత ఎవరిది?"

"తల ఎక్కువుంటే బస్సు ఆపుతారా సారూ? నాను ముప్పై ఒక్క ఏళ్ళు తల తక్కువైతే ఆపినాను. పేరు ఒకటే, మనుసులు ఇద్దరు. పక్కపక్కన నిలబెట్టి సూడండి. సూసి, ఎవుల్ని ఒగ్గీసి రావాలో మీరే సెప్పండి. ఆల్ల అమ్మలిద్దరూ ఇక్కడే ఉన్నారు, ఇంతన్నారు."

చాలాసేపు ఇంజను చప్పుడే వినిపించింది. ఈ భూమ్మీద నేను విన్న శబ్దాల్లో అంత పొడుగైనది ఇంకొకటి లేదు. తర్వాత ఆ గొంతు, మాతో కాదు, పక్కనున్న ఎవరితోనో అంది. "పెన్నియ్యి. కింద రాస్తాను. సంతకం నాదే పెడతాలే." మళ్ళీ ఫోనులోకి, "తండ్రి పేరు చెప్పమనండి, ఇద్దరిదీ. త్వరగా."

"ఒరే," అన్నాడు బావ. "ఒక్కొక్కడూ ఎక్కుతూ నంబరు సెప్పండ్రా. గట్టిగా."

గుజరాత్‌లో ఒక బస్సు మెట్టు మీద కాళ్ళు పడుతుంటే ఎర్రరేవులో అరుగు మీద అంకెలు వినిపించాయి. ఒకటి. రెండు. పదిహేడు దగ్గర ఎవడో దగ్గాడు, అందరం ఉలిక్కిపడ్డాం. పొలమారిందని వాడే చెప్పాడు. ఇరవై తొమ్మిది. ముప్పై. తర్వాత ఏమీ లేదు.

బంగారమ్మ గుండ్రంలోంచి లేచి నిలబడింది.

"ముప్పై ఒకటి" అని సన్నగా ఒక గొంతు వినిపించింది. ఆ నోరు లేనివాడిదే. "అమ్మా, ఎక్కినానే."

బావ విజిల్ నోట్లో పెట్టుకుని ఫోనులోకి ఊదాడు. "రైట్ రైట్!" అన్నాడు. అటు డ్రైవరు గుజరాతీయో ఎవరో తెలియదు గానీ, బస్సు కదిలింది. ఇటు రోడ్డు మీద దుంగ దగ్గరున్న నలుగురూ పోలీసులనుకుని మళ్ళీ జీడితోటల్లోకి పారిపోయారు.

నాలుగో రోజు బస్సు వచ్చింది. అంతలో ఊళ్ళో ఇంకో భయం. మన పిల్లలే గానీ, రోగం తెస్తే? తాటిదుంగ తియ్యాలా వద్దా? ఒక పూటంతా తగువు. చివరికి పిల్లల్ని తిన్నగా బడిలోకి తీసుకెళ్ళి, పద్నాలుగు రోజులు అక్కడే ఉంచుతారని చెప్పాక దుంగ జరిగింది. ఊరంతా దూరంగా, కొబ్బరితోట అంచున నిలబడింది. బావ అందరికంటే దూరంగా, తువ్వాలు చుట్టుకుని, అలవాటు ప్రకారం అటు తిరిగి నిలబడ్డాడు.

బంగారమ్మ కేకేసింది. "కండట్రు బాబూ! ఇటు తిరుగు!"

"దిట్టి తగుల్తాదేమోనే."

"తగిల్తే తగిలింది. ఇటు తిరిగి గట్టిగా లెక్కెట్టు! గంగమ్మ కూడా ఇనాల!"

ఆయన తిరిగాడు. గట్టిగానే లెక్కపెట్టాడు. ముప్పై ఒక్క తలలు దిగాయి. ఆఖరున దిగినవాడు అమ్మ వైపు చెయ్యి ఊపి, బావ వైపు చూసి తల గోక్కున్నాడు. బావ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మూతిగుడ్డ వల్ల ఆవిరి పట్టిందట.

పద్నాలుగు రోజులూ బంగారమ్మ పొద్దున్నే మా ఇంటికొచ్చి ఆయన్ని నిద్రలేపేది. "పద, బడికాడికి. లెక్కెట్టాల."

జూన్‌లో రైళ్ళు నడవడం మొదలయ్యాక నేను బయల్దేరాను. బావ పలాస దాకా వచ్చి, నేను ఎక్కింతర్వాత కిటికీ దగ్గర నిలబడి "ఒకటి" అన్నాడు. ఒక్కడినే లెక్కపెట్టడానికి కూడా వేలు చూపించాడు. "దిగి ఫోన్ సెయ్ బావా."

నాబోటివాడికి అవన్నీ గుర్తుంటాయా? దిగాను, ఏదో సత్రంలో పడ్డాను, ఫోను చచ్చిపోయింది, మూడో రోజు వైరు పెట్టాను. పెట్టగానే మోగింది. తెరమీద అరవై రెండు పిలుపులు. ఇరవై ఏళ్ళుగా ఏ ఊరు దిగినా ఈ ఫోను వస్తూనే ఉంది, నేను విసుక్కుంటూనే ఉన్నాను. ఏ యాప్‌లోనూ గడి లేని నన్ను, ఒక మనిషి ఇన్నేళ్ళుగా తన లెక్కలో మోస్తున్నాడని అప్పటిదాకా తట్టలేదు.

ఎత్తింది వరహాలమ్మ. "బతికున్నారా అన్నియ్యా! మూడ్రోజుల్నించి ఊల్లో లెక్క తేల్లేదని మా అందరి పేనాలూ తీసేత్తన్నాడు. బంగారమ్మ చేత మీ పేరున గంగమ్మకి కోడిని కూడా మొక్కించినాడు!"

వెనకనుంచి బావ గొంతు. "ఇటియ్యి. బావా, దిగినావా?"

"దిగాను బావా."

ఆ పక్కన విజిల్ మోగింది. నేను కూర్చున్న సత్రం వరండాలో నలుగురు ఉలిక్కిపడి మూతిగుడ్డలు పైకి లాక్కున్నారు.

వాళ్ళు నలుగురు. నాతో కలిపి అయిదు.